గంపలో కలిసిన సర్వపిండి

నేను జీవితంలో చాలా ప్రణాళికలు వేశాను. వాటిలో నెరవేరినవి తక్కువ. నెరవేరకపోయి ఉంటే బాగుండేదని అనిపించినవి కొన్ని ఉన్నాయి. ఇరవై ముగ్గురు పిల్లల చిరుతిండి కోసం వేసిన ప్రణాళిక అటువంటిది.

అప్పుడు నేను మానుకోటకూ కురవికీ మధ్య ఒక చిన్న ఊళ్ళో బడిపంతులుని. మాది జనగామ పక్క. ఆ రోజుల్లో జనగామ పక్క అనగానే ఏ ఆఫీసులోనైనా మనిషిని కిందినుంచి మీదికి ఒకసారి చూసేవారు. దొరల మీద రైతుల పోరాటం అక్కడ మొదలైంది కదా, వీడు కూడా ఏదో ఒకటి చేసే ఉంటాడని. నేను ఏమీ చేయలేదు. మా ఊరి మొగవాళ్ళు గుత్ప కర్రలు పట్టినప్పుడు నేను సుద్దముక్క పట్టాను. అది కూడా సగం విరిగినది.

పాత సర్కారు పోయి కొత్త సర్కారు వచ్చింది. దానితోపాటు ఊరి బయట మిలిట్రీ క్యాంపు వచ్చింది. పోరాటం నడిపిన సంఘంలో తిరిగిన మొగవాళ్ళు అడవి పట్టారు. కురవి అవతల గుట్టలు దాటితే భూపాలపల్లి వైపు దాకా అడవే. వాళ్ళకు అన్నం అందకుండా చేస్తే వాళ్ళే బయటికి వస్తారని క్యాంపు లెక్క. అందుకని ఒక ఉత్తర్వు పెట్టారు. వాగు దాటి ఎవరూ సద్ది పట్టుకుపోరాదు. చేనుకు పోయేవాడు ఇంట్లో తిని పోవాలి, మళ్ళీ ఆకలైతే ఇంటికి రావాలి. కట్టెలకు పోయే ఆడవాళ్ళు కొంగు దులిపి చూపించాలి. కొన్నాళ్ళకు ఆడవాళ్ళు వాగు దాటడం కూడా ఆపేశారు.

అటువంటి రోజుల్లో పై ఆఫీసు నుంచి నాకొక కాగితం వచ్చింది. పరిస్థితులు కుదుటపడినవి గనుక పిల్లలలో భయము పోవునట్లు ఒక విహారయాత్ర చేయించి నివేదిక పంపవలెను, అని. కుదుటపడ్డాయని నాకు ఆ కాగితం చూశాకే తెలిసింది.

కురవి గుడికి పోయి రావాలని నిశ్చయించాను. రెండు కోసుల నడక. విహారానికి ఖర్చు లేదు, కాళ్ళు ఎవరివి వాళ్ళకున్నాయి. చిక్కంతా ఆహారంతోనే. పలక తీసుకుని జాబితా రాయడం మొదలుపెట్టాను. మొదట అటుకులు రాశాను. అటుకులంటే నాకు అభిమానం. అవి బియ్యమూ కావు, అన్నమూ కావు, అటూ ఇటూ కాని నా రాజకీయం లాంటివి. తరువాత జొన్న పేలాలు రాశాను. తేలిక, అందరి ఇళ్ళలో ఉంటాయి. కాని పేలేది ఏదైనా సరే కాగితం మీద పెట్టి క్యాంపుకు చూపించడం మంచిది కాదేమోనని కొట్టేశాను. మళ్ళీ రాశాను. నువ్వుల ముద్దలు అనుకుంటే ఒకటో తరగతిలో సగం మందికి ముందుపళ్ళు లేవు. బెల్లం అంటే చీమలు మాకంటే ముందే యాత్ర ముగిస్తాయి. ఇట్లా ఒక సాయంత్రమంతా రాసి తుడిచి, తుడిచి రాసి, చివరికి పలక మీదకంటే నా చొక్కా మీద ఎక్కువ జాబితా మిగిలింది.

మరునాడు తల్లులను బడి అరుగు మీదికి పిలిచాను. వాళ్ళ మధ్య ఒక ముసలవ్వ ముందుగా అడిగింది.

“ఏంది పంతులూ, పిల్లలను ఏడికో తోల్కపోతవట.”

“కురవికి, అవ్వా. గుడి చూపిస్త.”

“గుడికి తిండి మూటలు గట్టుకోని పోతరా ఎవలన్న? మేమైతే ఒక్కపొద్దుండి పోతం.”

“పిల్లలు గద అవ్వా, నడిచి నడిచి ఆకలైతది.”

“పిల్లలకా, నీకా? జర నిజం జెప్పు.”

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. అవ్వ చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. ఒంటరిగా వండుకు తినే పంతులుకు ఇరవై ముగ్గురు తల్లుల వంట అంటే చిన్న విషయమా.

దుకాణం శావుకారి భార్య తన కొడుకు జొన్న పేలాలు ముట్టడని, మురుకులు చేసిస్తానని చెప్పింది. పక్కనున్న ఆమె, “మురుకులు తినే నోరు వేరే తీరుగుంటదా అక్కా, జర మాకు సుత సూపెట్టు” అన్నది. మళ్ళీ నవ్వులు. ఎవరి పిల్లల మూట వాళ్ళు కట్టివ్వాలని మాట అనుకుని అందరూ లేచారు.

ఒక్కామె లేవలేదు. మూడో తరగతి పిల్ల తల్లి. ఆమె భర్త అడవి పట్టి ఏడాది దాటింది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, క్యాంపుకూ తెలుసు. అందరూ పోయేదాకా ఆమె అరుగు మీద పుల్లతో గీతలు గీస్తూ కూర్చుంది. తరువాత నా వైపు చూడకుండానే చెప్పింది.

“సారూ, సర్వపిండి జేసిస్త. నా బిడ్డ మూట బిడ్డ చేతిలనే ఉండనియ్యి.”

“ఉంటది. ఎందుకు, ఏమైంది?”

“ఆయనకు జరమొచ్చి పది దినాలైంది. తోవల పెద్ద బండలున్నయి చూడు, గుట్ట కింద. కట్టెలకు పోయినప్పుడు ఆ బండల ఎనక పెట్టొస్తుంటి. ఇప్పుడు మమ్ముల దాటనిస్తలేరు. ఆయన తానికి మెతుకు పోక ఎన్ని దినాలైందో లెక్క లేదు.”

నేను గుట్టల వైపు చూశాను.

“పిల్లలు నీళ్ళు తాగెటందుకు ఆడ కూసుంటరు గద. నా బిడ్డ ఒక్క పారి బండల ఎనకకు పోయొస్తది. దానికి ఎరుకనే జాగ. నువ్వేం జెయ్యకు సారూ. జర అటు దిక్కు చూడకు, గంతే.”

ఆమె నన్ను అడిగింది అంతే. చూడకపోవడం. అంతకంటే తేలికైన పని నాకు ఎవరూ ఎన్నడూ చెప్పలేదు. “సరే అక్కా, చూద్దాం” అన్నాను. చూడొద్దన్న మనిషితో చూద్దాం అన్నానని ఆమె వెళ్ళిపోయాక తట్టింది.

ఆ మధ్యాహ్నమే అనుమతి కోసం క్యాంపుకు పోయాను. అక్కడి ఆఫీసరుకు మన భాష రాదు. కోస్తా నుంచి తెచ్చుకున్న ఒక దుబాసీ పక్కనుండేవాడు. అతనికి మన భాష వచ్చునని అతని నమ్మకం. అర్జీ ఏ భాషలో రాయాలో నాకు పెద్ద సందేహమైంది. ఉర్దూలో రాస్తే పాత సర్కారు మనిషినంటారు, తెలుగులో రాస్తే సంఘం మనిషినంటారు. చివరికి నోటితోనే చెప్పుకుందామని, తల్లులు చేస్తామన్నవి కూడా కలిపి ఉత్త జాబితా ఒక కాగితం మీదికి ఎక్కించి పట్టుకుపోయాను.

దుబాసీ జాబితా చూసి అడిగాడు. “ఏవండీ పంతులుగారూ, ఈ సర్వపిండి అంటే ఏవిటండీ? పిండా, వంటకమా?”

“తినేది.”

“అది తెలుస్తూనే ఉంది లెండి. పేరు వింటే గోడలకు కాగితాలు అంటించేదేమో అనిపిస్తోంది.”

సర్వపిండి ఏమిటో నేను వివరించాను. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానిన శనగపప్పు కలిపి, సర్వ అనే గిన్నె లోపలి గోడకు అద్ది, వేళ్ళతో పొక్కలు పెట్టి కాల్చేది. రెండు రోజులైనా చెడదు. ఆ చివరి మాట ఎందుకు చెప్పానో నాకే తెలియదు. వంట మీద అభిమానం కొద్దీ చెప్పాననుకుంటాను. దుబాసీ అది కూడా ఆఫీసరుకు చెప్పాడు. ఆఫీసరు కాసేపు నన్నే చూసి ఏదో అన్నాడు.

“ఇరవై మూడు మూటలు వాగు దాటుతాయి. ఏ మూట ఎవరి నోటికి పోతుందో మీరు పూచీ ఉంటారా అంటున్నారు” అన్నాడు దుబాసీ.

అప్పుడు నా నోరు నన్నడక్కుండానే మాట్లాడింది. “మూటలే ఉండవు. అందరిదీ ఒకే గంపలో పోయిస్తాను. నేనే పంచుతాను. అందరికీ సమానంగా.”

దుబాసీ నవ్వాడు. “సమానంగా అని గట్టిగా అనకండి పంతులుగారూ. ఆ మాట మీదే కదా ఈ గొడవంతా.”

అనుమతి దొరికింది. తిరిగి వస్తుంటే దారిలో నాకు నేను చాలా సంగతులు చెప్పుకున్నాను. మూటలు లేకపోతే ఎవరి మీదా అనుమానం రాదు. శావుకారి కొడుకు మురుకు, కూలివాడి బిడ్డ పేలాలు ఒకచోట కలుస్తాయి. అది మంచిదే కదా. ఇక ఆమె చేసే సర్వపిండిని గంప అడుగున దాచి, బండల దగ్గర నేనే తీసి ఇవ్వొచ్చు. భయానికి ఇంత మంచి బట్టలు తొడగవచ్చునని నాకు ఆ రోజే తెలిసింది.

ఆమె ఇంటికి పోయి చెప్పాను. ఆమె పొయ్యి ముందర కూర్చుని ఉంది. పిండి అప్పటికే కలిపింది.

“గంపలనా సారూ?” అన్నది.

“అడుగున పెడ్త అక్కా. నేనే తీసిస్త.”

“బిడ్డ చేతిలుంటె నిమ్మలంగుండె.”

“క్యాంపోళ్ళు ఒక్కొక్క మూట ఇప్పి చూస్తరట. గప్పుడు పిల్ల ఏమని జెప్తది?”

ఆమె పిండి మీద తడిబట్ట కప్పింది. “నీకు దెల్వంది ఏమున్నది. సదువుకున్నోనివి” అన్నది. వెక్కిరింపు కాదు. నిజంగానే అన్నది. అది ఇప్పటికీ నన్ను వదలదు.

ఒకే గంప అన్న మాట ఊరంతా పోయింది. తల్లుల లోకంలో దాని అర్థం ఏమిటో నా ప్రణాళికలో లేదు. ఎవరి పిల్లకు వాళ్ళు కట్టివ్వాలంటే గుప్పెడు పేలాలు, బెల్లంముక్క చాలు. అందరి నోళ్ళకూ పోయే గంప అంటే కథ వేరు. పదిమంది తినేదాంట్లో తన బిడ్డకు సరిపడేంతే వేసిన తల్లి అని ఎవరు అనిపించుకుంటారు? బియ్యం లేని ఇంటివాళ్ళు బదులు తెచ్చి మరీ చేశారు. ఇరవై ముగ్గురు తల్లులూ ఎవరికి వాళ్ళే ఇరవై ముగ్గురు పిల్లలకు చేశారు. కలిమికైనా లేమికైనా మావాళ్ళు నలుగురిలో పెట్టేటప్పుడు చెయ్యి బిగబట్టరు. ఆ ఊళ్ళో ఉంటూ ఆ మాత్రం తెలియని మనిషిని నేనొక్కణ్ణే.

పొద్దున ఆమె అందరికంటే ముందు వచ్చి, మోదుగాకుల్లో చుట్టిన సర్వపిండి ఇచ్చింది. ఇంకా వెచ్చగా ఉంది. గంప అడుగున పెట్టాను. పిల్ల నా పక్కనే నిలబడి అది ఎక్కడ పెట్టానో చూసుకుంది. తరువాత వరస మొదలైంది. అటుకులు, పేలాలు, మురుకులు, నానబెట్టి ఉడికించిన శనగ గుడాలు, నువ్వుల ముద్దలు, ఉడికిన చిలగడదుంపలు. గంప నిండి రెండో గంప వచ్చింది. రెండోది నిండి మూడోది వచ్చింది. “చాలు అక్కా, చాలు” అంటుంటే, “మాదే నీకు ఎక్కువైందా పంతులూ” అని కోపం చేశారు. ముసలవ్వ కూడా ఒక చాటెడు మక్క పేలాలు తెచ్చి పోసింది. ఒక్కపొద్దు సంగతి ఏమైందని నేను అడగలేదు.

ఇద్దరు తండ్రులు మాతో పాటు గంపలు క్యాంపు దాకా మోసుకొచ్చారు. పిల్లలు వరసలో నిలబడి నేర్పిన పాఠంలా నమస్కారం పెట్టారు. ఆఫీసరు పిల్లల వరస చూశాడు. తరువాత గంపల వరస చూశాడు. దుబాసీ నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగాడు.

“పంతులుగారూ, ఇది ఇరవై ముగ్గురు పిల్లలకా, ఇరవై ముగ్గురు మొగాళ్ళకా?”

తల్లుల సంగతి చెప్పాను. ఆనవాయితీ చెప్పాను. నేను చెప్పింది అక్షరం అక్షరం నిజం. నాకే అబద్ధంలా వినిపించింది. జనగామ పక్క మనిషి, మూడు గంపల తిండి, అడవి దారి. వేరే ఎవరైనా చెబితే నేనూ నమ్మేవాణ్ణి కాదు.

ఆఫీసరు చెడ్డవాడు కాదు. నన్ను కొట్టలేదు, పిల్లలను భయపెట్టలేదు. టార్పాలిన్ పరిపించి మూడు గంపలూ దాని మీద కుమ్మరించమన్నాడు. పిల్లలను చుట్టూ కూర్చోబెట్టమన్నాడు. తినేది ఇక్కడే తినాలి, కడుపులో ఎంత పట్టుకుపోయినా అభ్యంతరం లేదు, చేతిలో మాత్రం ఏమీ వాగు దాటకూడదు. దుబాసీ ఇది చెబుతుంటే పిల్లల ముఖాలు వెలిగాయి. యాత్ర మొదలుకాకుండానే తిండి మొదలవుతుందని వాళ్ళలో ఎవరూ ఊహించలేదు.

మోదుగాకుల పొట్లం అడుగున పెట్టింది కదా, కుమ్మరిస్తే అన్నిటికంటే మీదికి వచ్చింది. దుబాసీ దాన్నే ముందు విప్పాడు. వాసన చూసి, “ఇదేనా మీ సర్వపిండి” అని, ఒక ముక్క విరిచి ఆఫీసరుకు ఇచ్చాడు, ఒకటి తాను తిన్నాడు, బాగుందన్నాడు. మిగిలింది పిల్లలకు ముక్కలు ముక్కలుగా పంచాడు. సమానంగానే పంచాడు.

ఆ పిల్ల దాకా వచ్చాడు. పిల్ల చేతులు చాపలేదు. దుబాసీ ఒడిలో పెట్టి, “తిను తల్లీ, సిగ్గెందుకు” అన్నాడు. జవాన్లు చూస్తున్నారు. పిల్ల ఎందుకు తినడం లేదని ఎవరైనా అడిగితే ఏమవుతుందో నాకు తెలుసు. నేను ముందుకు వంగి, “తిను బిడ్డా” అన్నాను. పిల్ల నన్ను చూసింది. నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది.

క్యాంపు వాళ్ళు మిగిలినదాన్ని జాగ్రత్తగా గంపల్లో నింపి తమ దగ్గరే పెట్టుకున్నారు. మేము వాగు దాటాము. పిల్లలు బరువెక్కిన పొట్టలతో నడవలేక నడుస్తున్నారు. శావుకారి కొడుకు రెండుసార్లు కక్కుకున్నాడు. అతను కక్కింది అన్నీ జొన్న పేలాలేనని పిల్లలు పగలబడి నవ్వారు. నేను తప్ప అందరూ విహారంలోనే ఉన్నారు.

బండల దగ్గర నీళ్ళు తాగడానికి కూర్చున్నారు. పిల్ల వెనక్కి పోలేదు, నన్ను అడగలేదు. మోకాళ్ళ మీద గదవ పెట్టుకుని కూర్చుంది. నేనే లేచి బండల వెనక్కి పోయాను. ఎవరూ లేరు. బండ కింద నీడలో ఒక చోట ఎండుటాకులు ఊడ్చి శుభ్రం చేసి ఉంది. ఊడ్చిన జాగాలో చిన్న రాయి కింద ఒక మోదుగాకు. పెట్టేవాళ్ళు దుమ్ములో పెట్టకుండా ఉండాలని కాబోలు. నా జేబుల్లో వెతికాను. సుద్దముక్క ఒకటి, జాబితా కాగితం ఒకటి ఉన్నాయి. ఆకును తాకకుండా వచ్చేశాను.

కురవిలో పిల్లలు దేవుడి విగ్రహానికున్న మీసాలు చూసి సంతోషించారు. అంతకంటే నాకేమీ గుర్తు లేదు.

సాయంత్రం తిరిగి వచ్చేసరికి ఆమె బడి దగ్గర నిలబడి ఉంది. బిడ్డ పోయి ఆమె కొంగు పట్టుకుంది. నేను జరిగింది చెప్పాను. దాచకుండా చెప్పాను. బండల వెనక ఆకు సంగతి మాత్రం చెప్పలేదు. ఆమె అంతా విని అడిగింది.

“బిడ్డ తిన్నదా సారూ?”

“ఒక ముక్క తిన్నది.”

“మంచిగనే ఉండెనా?”

“అందరు మంచిగుందన్నరు.”

“ఉప్పు తక్కువైందేమోనని రంది పడ్డ” అని, బిడ్డను తీసుకుని పోయింది.

ఐదో రోజు పొద్దున ఆమె భర్తను వాగు ఇవతలి ఒడ్డున పట్టుకున్నారు. ఒళ్ళు కాలిపోతూ నడవలేని స్థితిలో ఉన్నాడని చూసినవాళ్ళు చెప్పారు. తిండి కోసం ఊరికి వస్తున్నాడని క్యాంపు వాళ్ళు చెప్పారు. ఆకలైతే వాళ్ళే వస్తారన్న లెక్క సరిపోయింది. లారీలో ఎక్కించి జైలుకన్నారు. ఆమె అన్న వరంగల్లు దాకా పోయి అడిగి వచ్చాడు. ఏ జైల్లోనూ ఆ మనిషి లేడన్నారు.

ఒక్క సర్వపిండితో మనిషి బతుకుతాడా అని నన్ను నేను ఎన్నోసార్లు అడిగాను. బతకడు, ఇంకో పది రోజులైతే ఎట్లాగూ వచ్చేవాడు, పట్టుబడేవాడు. ఇట్లా వాదించి గెలుస్తాను. గెలిచిన ప్రతిసారీ, మరి ఆ పది రోజులో, అని ఒక ప్రశ్న మిగులుతుంది. పది రోజుల్లో జ్వరం తగ్గేదేమో. ఇంకొక తోవ దొరికేదేమో. ఆమె నన్ను చూడకు అని మాత్రమే అడిగింది. నేను చూసుకుంటానన్నాను.

నివేదిక పంపాలి కదా. పిల్లలు ఉత్సాహముగా పాల్గొన్నారు, కడుపునిండా తిన్నారు, క్షేమముగా తిరిగి వచ్చారు, అని రాశాను. అందులో ఒక్క అబద్ధం లేదు. పై ఆఫీసు మెచ్చుకుంది. మరుసటి ఏడు కూడా ఇదే విధముగా చేయించవలెను అని జవాబు వచ్చింది.

మరుసటి ఏడు వచ్చింది. అప్పటికి క్యాంపు ఎత్తేశారు, వాగు దాటడానికి అడ్డు లేదు. తల్లులను మళ్ళీ అరుగు మీదికి పిలిచాను. గంప వద్దు, ఎవరి మూట వాళ్ళే కట్టివ్వండి అన్నాను. ఆమె కూడా వచ్చింది. అందరూ పోయాక నేనే ఆమె దగ్గరికి పోయి చెప్పాను.

“అక్కా, ఈసారి బిడ్డ మూట బిడ్డ చేతిలనే ఉంటది.”

ఆమె లేచి కొంగు దులుపుకుంది.

“దానికి ఒక్క గుప్పెడు ప్యాలాలు చాలు సారూ. మూటెందుకు” అన్నది.

పిల్ల ఆ గుప్పెడు పేలాలూ పరికిణీ కొసన కట్టుకుని వచ్చింది. వాగు దాటకముందే తినేసింది.